గాజుగదిలో సూట్‌కేసులు

ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్ళింటికి మొదటిసారి భోజనానికి వెళితే, వడ్డనకి ముందు ఇల్లు చూపించడం మనకో ఆనవాయితీ. ముందు హాలు, తర్వాత వంటిల్లు, పైన పడగ్గదులు, దేవుడి మూల. ఆఖర్న ఇంటాయన వంటింటి పక్కనున్న తలుపు దగ్గర ఆగి, గొంతు కాస్త తగ్గించి, "ఇది కన్సర్వేటరీ అండీ... కొంచెం సామాను ఉంది, ఏమీ అనుకోకండి" అంటాడు. తలుపు సగమే తెరుచుకుంటుంది. మిగతా సగానికి లోపల ఏదో అడ్డం. మెడ సాచి చూస్తే కనిపించేవి ఇవీ: విమానాల్లో తిరిగొచ్చిన పెద్ద సూట్‌కేసులు నాలుగు, బియ్యం బస్తా, టీవీ వచ్చిన అట్టపెట్టె, పిల్లదాని చిన్నప్పటి తోపుడుబండి, పోయిన దీపావళి సీరియల్ లైట్లు, బట్టలారేసే స్టాండు, ఓ మూల ఎండిపోయిన కరివేపాకు మొక్క. మూడు పక్కలా గాజు, పైకప్పూ గాజే, అవతల పచ్చటి గడ్డి, ఆ గడ్డి మీద మార్చి నెల ఎండ. ఆ ఎండంతా వచ్చి పడేది సూట్‌కేసుల మీద.

ఇలాంటి గదులు ఎన్నిళ్ళల్లో చూశానో లెక్కలేదు. కాబట్టి ఇది ఏ ఒక్కరినో ఉద్దేశించి రాస్తున్నది కాదు. "ఇది మా ఇంటి గురించే" అని ఎవరికి వాళ్ళు అనుకుంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు. అసలు అందరికన్నా ముందు నా ఇంటి పేరే రాసుకోండి. 2007లో రెడింగ్‌లో ఇల్లు కొన్నప్పుడు ఆ గది ఉందనే మరో పదివేల పౌన్లు ఎక్కువపెట్టాం. ఆ తర్వాత ఏడేళ్ళు అందులో ఒక్కరోజు కూర్చోలేదు. పదివేల పౌన్లకి సూట్‌కేసులకో సూర్యమందిరం కొనిపెట్టామన్నమాట!

నా వాదన సూటిగా చెప్పేస్తాను. ఈ దేశంలో మన ఇళ్ళకి దొరికిన అరుగు అదే. దాని రోజులు వసంతకాలపు రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన అమ్మానాన్నలు ఇక్కడికి వస్తారు. వాళ్ళని ముందువైపు ఇరుకు గదిలో పెట్టి, అట్టపెట్టెల్ని ఎండలో కూర్చోబెడుతున్నాం. ఇది అలవాటో, బద్ధకమో అని సర్దిచెప్పుకుంటే కుదరదు. ఇది తప్పు.

తెలుగుదేశంలో ఉన్న పాఠకుల కోసం ఈ గది సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది ఇంటి వెనకవైపు, పెరట్లోకి చొచ్చుకొచ్చినట్టుగా కట్టే గాజు వసారా. ఇంగ్లండులో నేల కొలత 30 చదరపు మీటర్ల లోపు ఉండి, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపులాంటి గట్టి తలుపు ఉండి, ఇంటి హీటింగు అందులోకి పొడిగించకుండా ఉంటే, మామూలుగా భవన నిర్మాణ నిబంధనల నుంచి దీనికి మినహాయింపు ఇస్తారు. అంటే ప్రభుత్వం లెక్కలోనే అది పూర్తి గది కాదు. చలికాలంలో ఫ్రిజ్జులా ఉంటుంది. జులైలో కొలిమి. కానీ మార్చి మధ్య నుంచి మే ఆఖరు దాకా సంగతి వేరు. బయట పది డిగ్రీలుండి, గాలి చెవులు కోస్తున్నా, ఎండ కాస్తే చాలు, లోపల మన మాఘమాసపు పొద్దులా ఉంటుంది. కోటు లేకుండా, హీటరు లేకుండా, ఆకాశం చూస్తూ కూర్చోగలిగిన చోటు ఆ రెండున్నర నెలలూ ఇంటి మొత్తమ్మీద అదొక్కటే.

ఈ దేశంవాళ్ళకి ఈ గాజు పిచ్చి ఎలా పట్టిందో కూడా కాస్త చూడాలి. ఒకప్పుడు ఇక్కడ కిటికీలకి పన్ను, గాజుకీ పన్ను ఉండేవి. గాజు మీద పన్ను 1845లో పోయింది, కిటికీ పన్ను 1851లో పోయింది. ఆ 1851లోనే లండన్ హైడ్ పార్కులో గాజుతో, ఇనుముతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టి లోకానికి ప్రదర్శన పెట్టారు. అంతకు మూడేళ్ళ ముందే, 1848 నాటికి, క్యూ తోటలో తాటిజాతి చెట్ల కోసం పామ్ హౌస్ అనే గాజుమేడ పూర్తయింది. ఎందుకట? వేడిదేశాల నుంచి తెచ్చిన మొక్కలు ఈ చలికి చచ్చిపోకుండా. ఓడల్లో మొక్కలు తేవడానికి వార్డ్ అనే లండన్ వైద్యుడు కనిపెట్టిన చిన్న గాజుపెట్టెలు వాడేవారు. 1876లో బ్రెజిల్ నుంచి తెచ్చిన రబ్బరు గింజలు క్యూ గాజు ఇళ్ళలోనే మొలకెత్తాయి. ఆ మొలకలు సిలోనుకీ, అక్కణ్ణించి మలయాకీ చేరాయి. ఆ తర్వాత రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళూ ఉన్నారు. ఈ పుస్తకం మలేషియాలో చదువుతున్నవాళ్ళకి ఈ కథ నాకన్నా బాగా తెలిసుంటుంది.

దీన్ని నేను చరిత్ర పాఠంగా చెప్పడం లేదు. ఎగతాళిగా చెబుతున్నాను. వేడిదేశం నుంచి వచ్చిన తాటిమొక్క వణికిపోతుందని ఈ దొరలు అద్దాల మేడ కట్టారు. అదే వేడిదేశం నుంచి వచ్చిన కన్నతండ్రి వణుకుతుంటే, కట్టివున్న అద్దాల గదిలో ఒక్క కుర్చీకి చోటివ్వలేదు మనం!

మనం అంటున్నాను గానీ, నేను అనాలి.

మా నాన్న తెనాలి బస్టాండులో ఆర్టీసీ కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. 2011 మార్చిలో అమ్మా, నాన్నా మొదటిసారి ఇంగ్లండు వచ్చారు. అక్కడ ఎండలు ముదరకముందే బయలుదేరితే మంచిదని నేనే టికెట్లు కొన్నాను. రాత్రి పడుకోవడానికి పెద్ద గదే ఇచ్చాం. పగలు అమ్మకి వంటిల్లుంది. నాన్నకి మాత్రం ముందువైపు ఏడడుగుల చిన్నగది. అందులో ఒక మంచం, కిటికీ దగ్గర ఒక కుర్చీ. కిటికీ వాయవ్యానికి ఉంటుంది కాబట్టి సాయంత్రం నాలుగు దాటితే గానీ అందులోకి ఎండ రాదు. నాన్న శాలువా కప్పుకుని అక్కడే కూర్చునేవారు. రోడ్డు మీద బస్సు వెళితే చేతి గడియారం చూసుకునేవారు. పది రోజులయ్యాక, "ఒరే అబ్బాయ్, ఈ సర్వీసు రోజూ నాలుగు నిమిషాలు లేటురా, అడిగేవాడే లేడా?" అన్నారు. మేమందరం నవ్వుకున్నాం. ముప్పయ్యేళ్ళు వందలమంది మధ్య నిలబడి పనిచేసిన మనిషికి రోజు మొత్తానికి కనిపించేది ఆ బస్సొక్కటేనని అప్పుడు నాకు తోచలేదు.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 4న వచ్చింది. పచ్చడి తిన్నాక నాన్న వంటింట్లోకి వచ్చి అడిగారు. "ఆ వెనక గాజుగదిలో ఓ కుర్చీ పట్టే చోటుంటుందిరా? పొద్దున్నపూట ఎండ బాగా పడుతోంది."

"శనివారం సర్దేస్తాను నాన్నా" అన్నాను.

ఆ శనివారం అమ్మాయికి ఈత క్లాసు. మర్నాడు వాళ్ళకి విండ్సర్ కోట చూపించాలి. ఆ పై శనివారం ఎవరింట్లోనో పుట్టినరోజు. ఆ తర్వాత ఆఫీసులో రిలీజు. నాన్న రెండోసారి అడగలేదు. కొడుకు ఇంట్లో ఏదైనా రెండుసార్లు అడిగే అలవాటు ఆ తరం మగవాళ్ళకి లేదు. మే నెలలో ఓ పొద్దున నేను కిందకి దిగేసరికి, ఆ సగం తెరుచుకునే తలుపు సందులో నిలబడి కాఫీ తాగుతూ కనిపించారు. ఎండ ఆయన పాదాల మీదే పడుతోంది. నన్ను చూసి, దారికి అడ్డమున్నట్టు పక్కకి జరిగారు. నేను బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఆగస్టు ఆఖర్న తిరిగి వెళ్ళారు. 2012 డిసెంబరులో పోయారు. నా దగ్గర ఆయన ఇంగ్లండు ఫోటోలు దండిగా ఉన్నాయి: కోట ముందు, వంతెన ముందు, లండన్ ఐ ముందు. అవన్నీ కలిపితే పన్నెండు ఆదివారాలు. మిగతా నూటయాభై రోజుల ఫోటో ఒక్కటీ లేదు. తియ్యడానికి అక్కడేం ఉంది గనక!

ఇది నా ఒక్కడి ఏడుపైతే నాలోనే ఉంచుకునేవాణ్ణి. కానీ ఇక్కడ ఒక లెక్క ఉంది. 2012 జులై 9 నుంచి బ్రిటన్‌లో తల్లిదండ్రుల్ని స్థిరంగా తెచ్చుకునే నిబంధనలు బాగా బిగించారు. రోజువారీ పనులకి కూడా మరొకరి సాయం కావలసిన స్థితిలో వాళ్ళుండాలి, ఆ సాయం సొంతదేశంలో దొరకదని రుజువు చెయ్యాలి. మనలో చాలామందికి అది జరిగే పని కాదు. ఇక మిగిలింది విజిటర్ వీసా. పదేళ్ళ వీసా తీసుకున్నా, ఒక్కో రాకకి ఆరునెలలే. వాళ్ళ మోకాళ్ళు, బీపీ, విమానం టికెట్లు, మన సెలవులు, పిల్లల పరీక్షలు అన్నీ చూసుకుంటే జీవితం మొత్తమ్మీద ఎన్నిసార్లు వస్తారు? మూడా, నాలుగా? అంటే వాళ్ళతో మనకి మిగిలినవి మూడో నాలుగో వసంతాలు. చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అందులో ఒకటి నేను అట్టపెట్టెలకి ఇచ్చేశాను.

ఇక అవతలి పక్షం వాదనలు. ఇవన్నీ నేను విన్నవి, కొన్ని నేనన్నవీ.

మొదటిది రీసేల్ వాల్యూ. "అందులో మట్టీ కుండీలూ పెడితే ఫ్లోరింగు పాడవుతుందండీ, రేపు అమ్మేటప్పుడు..." అంటారు. రేపు కొనేవాడి కోసం ఈరోజు ఉన్నవాణ్ణి బయట నిలబెట్టడం ఏం వ్యాపారమో నాకర్థం కాదు. ఊళ్ళో మన తాతలు అరుగు కట్టించినప్పుడు, దానివల్ల ఇంటి ధర ఎంత పెరుగుతుందని తాపీమేస్త్రీని అడిగి ఉంటారా? మధ్యాహ్నం నడుం వాల్చడానికీ, దారినపోయేవాడు కాసేపు కూలబడటానికీ కట్టించారు. మనం ఇల్లు కొన్నామనుకుంటున్నాం గానీ, నిజానికి పాతికేళ్ళ అప్పు తీరుస్తూ తర్వాత రాబోయే ఆసామీ తరఫున కాపలా కాస్తున్నాం.

రెండోది వాస్తు. నా స్నేహితుడొకాయన గాజుగదికి తాళం వేసి ఉంచాడు. "నైరుతి పెరిగింది, ఇంటి యజమానికి మంచిది కాదు" అని ఊరినుంచి ఫోనులో ఎవరో చెప్పారట. సరే, నమ్మకం ఆయనిష్టం. కానీ పెరిగిన నైరుతి తాళం వేస్తే తరుగుతుందా? పైగా అందులో సామానంతా ఆయన పేరు మీదే ఉంది!

మూడోది "అందరూ చూస్తారు". గాజు కదా, పక్కింటివాళ్ళకి మనం కనిపిస్తామని. అమ్మ చీర కట్టుకుని కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిస్తే వాళ్ళేమనుకుంటారోనని. నిజం చెప్పాలంటే ఈ భయం అమ్మలది కాదు, మనది. ఊళ్ళో అరుగు మీద కూర్చునేదే కనబడటానికి. ఇక్కడ అదే కనబడటం నామోషీ అయిపోయింది. ఈ దేశంలో పాతికేళ్ళుండి, పన్నులు కట్టి, పాస్‌పోర్టు తీసుకుని, మన అమ్మ మన ఇంట్లో కూర్చుని కనిపిస్తే సిగ్గుపడే స్థితిలో ఉంటే, మనం ఏం స్థిరపడినట్టు?

నాలుగోది కొత్తగా వచ్చింది, ఆఫీసు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు చాలామంది ఆ గది ఖాళీ చేసి రెండు స్క్రీన్లూ, ఒక తిరిగే కుర్చీ పెట్టుకున్నారు. అప్పుడు వేరే దారి లేదు, కాదనను. ఆ ఏడాది వసంతంలో ఎండలు కూడా ఎన్నడూ లేనంత బాగా కాశాయి. కానీ ఆ అవసరం తీరాకా ఆ బల్ల అక్కడే ఉండిపోయింది. తమాషా ఏమిటంటే స్క్రీను సరిగ్గా కనబడటం లేదని చుట్టూ నల్లటి బ్లైండ్లు వేయించుకున్నారు. గాజుగది కొనుక్కుని, చీకటి చేసుకుని, అందులో దీపం పెట్టుకుని పనిచెయ్యడం!

ఐదోది "చలండీ, వేడండీ". ఇది ఒక్కటే న్యాయమైన మాట. జనవరిలో అందులో హీటరు పెట్టి కూర్చోమని నేనూ చెప్పను. గాజులోంచి వేడి అంతా బయటికి పోతుంది. 2022లో గ్యాసు ధరలు మండిపోయినప్పుడు మధ్య తలుపు తీసేసి కన్సర్వేటరీని హాల్లో కలిపేసుకున్నవాళ్ళు బిల్లు చూసి గుండె పట్టుకున్నారు. అలా కలిపేస్తే నిబంధనల మినహాయింపు కూడా పోతుంది. ఆ గదికి ఒక రుతువుంది. మామిడికాయలు మార్గశిరంలో రావడం లేదని చెట్టు కొట్టేస్తామా? వచ్చే రెండున్నర నెలల్లో వాడుకుంటాం. ఇదీ అంతే.

ఇంతకీ ఏం చెయ్యాలంటారా? నేను చేసింది చెబుతాను. 2014లో మార్చి 30న గడియారాలు గంట ముందుకి జరిగాయి, మర్నాడు ఉగాది. అమ్మ ఒక్కతే వస్తోంది, ఆ వారాంతం ముందే. ఫిబ్రవరి ఆఖరి శనివారం నేనూ, మా ఆవిడా, అమ్మాయీ కలిసి గది ఖాళీ చేశాం. సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి అటక మీదకి ఎక్కించాం. ఏడేళ్ళుగా జరగదనుకున్న పనికి పట్టింది నాలుగు గంటలు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నాలుగంటే నాలుగే గంటలు.

గాజు లోపలా బయటా సబ్బునీళ్ళతో కడిగాం, ఒక చలికాలం పాచికే వెలుగు సగం పోతుంది. టైల్సు మంచులా ఉంటాయి కాబట్టి కింద మందపాటి జనపనార పట్టా పరిచాం. రెండు పేము కుర్చీలు, కాళ్ళు పెట్టుకోవడానికి ఒక పీట, ఒక చిన్న బల్ల. అంతే. సోఫా పెట్టలేదు, టీవీ అసలే పెట్టలేదు. మాది ఆగ్నేయంవైపు గది, ఎనిమిదింటికల్లా ఎండ వస్తుంది. పదకొండు దాటితే పైకప్పు కిటికీ కొంచెం తెరవాలి, లేకపోతే ఊపిరాడదు. మీది పడమరవైపైతే సాయంత్రం కాఫీకి పనికొస్తుంది. ఉత్తరంవైపైతే మే నెల దాకా ఆగండి. ఎవరి ఎండ వాళ్ళు చూసుకోవడమే.

అమ్మ వచ్చిన నాలుగోరోజుకల్లా ఆ గది ఆవిడదైపోయింది. ఇండియన్ షాపులో బీర, సొర, తోటకూర విత్తనాల పాకెట్లు కొనిపించింది. ఇక్కడ రాత్రుళ్ళు ఆ గది బయటితో సమానంగా చల్లబడుతుంది, బీర గింజ ఇరవై డిగ్రీల వెచ్చదనం లేనిదే కదలదు. అందుకని పెరుగు డబ్బాల్లో మట్టి వేసి, గింజలు నాటి, మొదటి వారం వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మారాలో పెట్టాం. మొలక తల ఎత్తగానే గాజుగదిలోకి. చలి రాత్రుళ్ళు మళ్ళీ వంటింట్లోకి. మెంతులూ, ధనియాలూ మాత్రం ఏ సేవలూ అడగలేదు, ట్రేలో చల్లితే నెల తిరిగేసరికి కూరకొచ్చాయి. ఇక్కడ మే మధ్య దాకా మంచు పడే భయం ఉంటుంది కాబట్టి, పాదులన్నిటినీ మే ఆఖర్న ఓ పదిరోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి, గాలికి అలవాటు చేసి నేలలో వేశాం. ఆ మొదటి ఏడాది వచ్చిన బీరకాయలు ఏడు. కానీ ఏప్రిల్, మే నెలల్లో అమ్మకి పొద్దున్న లేవగానే చూసుకోవడానికి ఒకటి ఉండేది. నాన్నకి బస్సు ఉన్నట్టు.

మే నెలలో వడియాలు కూడా పెట్టింది. పైకప్పు కిటికీ తెరిచి ఉంచితే చెమ్మ పోతుంది, వాన భయం లేదు, కాకులు రావు. తెనాలి మేడ మీద ఒక్కరోజులో ఎండేవి ఇక్కడ నాలుగురోజులు తీసుకున్నాయి. "తొందరేముందిరా, నేను ఆర్నెల్లు ఉంటాగా" అంది.

మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఇంగ్లీషు ముసలావిడ కంచె మీంచి చూసిందదే. ఏడేళ్ళలో ఆవిడా నేనూ మాట్లాడుకున్నది చెత్తడబ్బాలు తీసుకెళ్ళే రోజు గురించి మాత్రమే. ఆవిడ గాజులోంచి అమ్మనీ, ప్లాస్టిక్ కాగితం మీద వరసగా పెట్టిన తెల్లటి ముద్దల్నీ చూసి, ఇవేమిటని చేత్తో అడిగింది. అమ్మ తలుపు తీసి లోపలికి రమ్మంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరికీ మొక్కలు వచ్చు. ఆవిడ టమాటా నారు తెచ్చింది, అమ్మ బీర మొక్క ఇచ్చింది. ఆ తర్వాత రోజూ పదకొండింటికి రెండో పేము కుర్చీ ఆవిడది. మేం ఆఫీసుల్లో ఉన్నప్పుడు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అమ్మ వెళ్ళిపోయాక మాత్రం ఆవిడ నన్ను చూసినప్పుడల్లా, "అమ్మా ఎలా ఉంది?" అని తెలుగు మాట కలిపే అడుగుతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అరుగు వీధివైపు ఉంటుంది, ఎవరైనా ఆగుతారు. ఈ గది పెరటివైపు ఉంటుంది, మనం పిలిస్తే తప్ప ఎవరూ రారు. గది దానంతటది అరుగైపోదు. ఖాళీ చెయ్యడం సగం పని, తలుపు తియ్యడం మిగతా సగం. మొదటి సగం నేను చేశానని గొప్ప చెప్పుకుంటున్నాను గానీ, రెండోది చేసింది అమ్మ.

ఇదంతా ఇంగ్లండు గోల, మాకేంటి అని అక్కడున్న పాఠకులు అనుకోవచ్చు. మీ ఇళ్ళూ నేను చూస్తూనే ఉన్నాను. మా ఊళ్ళో అరుగులు కొట్టేసి మోటారు సైకిళ్ళకి ర్యాంపులు కట్టారు. హైదరాబాదులో, విజయవాడలో అపార్టుమెంట్లలో బాల్కనీకి ఇనపగ్రిల్లు బిగించి, అందులో ఖాళీ గ్యాస్ సిలిండరు, విరిగిన మడతమంచం, వాషింగ్ మెషీను. తాతగారు లోపల ట్యూబులైటు కింద టీవీ ముందు. పొద్దుటి ఎండ తగిలే ఆ నాలుగడుగుల చోటు మీ ఇంట్లో దేనికిచ్చారో ఒకసారి వెళ్ళి చూసుకోండి. మాకు రెండున్నర నెలలే. మీకు ఎండాకాలపు మధ్యాహ్నాలూ, జోరువాన రోజులూ తీసేస్తే దాదాపు ఏడాదంతా వస్తుంది.

అమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. మోకాళ్ళు విమానం వద్దంటున్నాయి. 2019 తర్వాత రాలేదు, ఇక వస్తుందన్న ఆశ నాకు లేదు. లెక్క చూస్తే ఆవిడతో ఆ గదిలో మాకు దొరికినవి మూడు వసంతాలు. నాన్నతో ఒక్కటీ లేదు. మీ లెక్క ఇంకా ముగిసి ఉండకపోవచ్చు.

అందుకే చెబుతున్నాను. అమ్మానాన్నలకి టికెట్లు కొనేముందు అటక మీద చోటు చూడండి. ఏ కోట చూపించాలో తర్వాత ఆలోచించవచ్చు. వాళ్ళు దిగేలోపల ఒక శనివారం పొద్దున్నే ఆ తలుపు పూర్తిగా తెరుచుకునేలా చెయ్యండి. గాజు కడిగి, రెండు కుర్చీలు వెయ్యండి. నాలుగు గంటల పని.

ఆ శనివారం మాత్రం వాయిదా వెయ్యకండి.